వక్కల దేశంలో ఉన్నికోటు

పోలిశెట్టి పాండురంగం పేపరు చదివి ప్రపంచాన్ని తెలుసుకున్నవాడు కాదు. నరసరావుపేట బజారులో తన కిరాణా కొట్టుకు ఏ సరుకు రావడం ఆగిందో చూసి, ఎక్కడ ఏ రాజ్యం కూలిందో చెప్పగలిగేవాడు. తెల్లవాడికీ జర్మనీవాడికీ యుద్ధం మొదలైందని ఊరంతా చెప్పుకున్నా, నూలుకు వేసే జర్మనీ రంగుల డబ్బాలు అడుగంటినప్పుడు గానీ అతనికి అది యుద్ధంలా అనిపించలేదు. సింగపూరు కోట జపానువాడి చేతికి చిక్కిందన్న కబురు అతనికి వక్కల ధర చెప్పింది. రంగూను సంగతి కిరసనాయిలు డబ్బా చెప్పింది. రాజులు దేనికోసం కొట్టుకుంటారో అతనికి అనవసరం. వాళ్ళు కొట్టుకున్నప్పుడు ఓడలు ఆగుతాయి. ఓడలు ఆగితే, లోపలి గదిలో సరుకు ఉన్నవాడు బాగుపడతాడు. ఆ ఏళ్ళలో పాండురంగం బాగుపడ్డాడు. కొట్టు మీద మేడ వేశాడు.

అట్లాంటివాడు యుద్ధం అయిపోయాక ఒక పొరపాటు చేశాడు. పట్నంలో మిలిటరీ సామాను వేలం వేస్తున్నారని విని వెళ్ళి, కారుచౌకగా వస్తున్నాయి గదా అని ఉన్నికోట్ల బేళ్ళు పాడుకుని వచ్చాడు. ఖాకీ రంగు, గొంగళి మందం, మోకాళ్ళు దాటే పొడుగు. రైలు దిగి వాటిని విప్పించాక, నరసరావుపేట ఎండలో నిలబడి ఒక కోటు తొడుక్కుని చూశాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు.

కొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టుపని చేసుకునే జిలానీ అది చూసి మిషను తొక్కడం ఆపాడు.

"ఏంది శెట్టిగారూ, తెల్లోడు గెలిచాడన్నారు గదా. గెలిచినోడు ఒంటి మీద కోట్లు ఇప్పి అమ్ముకుంటున్నాడేంది?"

"గెలవడానికి అంత ఖర్చయిందిరా."

"మరి ఓడినోడు ఏం అమ్ముకుంటున్నాడో పాపం."

అరుగు ముందున్నవాళ్ళు నవ్వారు. పాండురంగం కూడా నవ్వాడు గానీ మనసులో లెక్క సాగుతూనే ఉంది. చలికాలంలో మిరప కల్లాల దగ్గర కాపలా పడుకునేవాళ్ళు కొనుక్కుంటారనుకున్నాడు. కొందరు కొన్నారు. మిగిలినవాళ్ళు గొంగళి ఉండగా ఇదెందుకన్నారు. వెదురు గడకు వేలాడదీసిన కోట్లు అట్లాగే ఉండిపోయాయి. అడుగున ఉన్న బేళ్ళలో ఎలుకలు చేరాయి.

మార్గశిరంలో ఒక సంతరోజున రాఘవమ్మ వచ్చింది. రొంపిచెర్ల దగ్గర రాళ్ళు కొట్టే పనికి పోయే మనిషి. వెనకాల కోడలు కొండమ్మ. ఉప్పు కట్టించుకుని వెళ్ళబోతూ రాఘవమ్మ గడ దగ్గర ఆగిపోయింది.

"అయ్యా, ఈ కోట్లు ఎక్కడియ్యి?"

"మిలిటరీవమ్మా. పట్నంలో వేలంలో తెచ్చా."

"మావోడు మిలిటరీకే పోయాడు. హనుమంతు."

"ఏ ఊళ్ళో ఉన్నాడు?"

"ఉన్నాడో లేడో తెలవదయ్యా. జాడ లేదని సర్కారోళ్ళ కాగితం వచ్చింది. సింగపూరులో దిగాడంట. అప్పుడే ఆ ఊరు జపానోడు పట్టుకున్నాడంట. వాళ్ళ చేతికి చిక్కినోళ్ళు కొంతమంది తిరిగొచ్చారు. మావోడు రాలా."

సింగపూరు అనే మాట వినగానే పాండురంగం ముక్కుకు వక్కల బస్తా వాసన తగిలింది. ఆ ఊరిని అతను చూడలేదు. కానీ అక్కడ ఉండి వచ్చిన పట్నం దళారీ ఒకడు చెప్పగా విన్నాడు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, మనిషి కూర్చున్నచోట కూర్చునే చెమటతో నానిపోతాడు, పూటకొకసారి స్నానం చేయాలి. వక్క చెట్టు అట్లాంటి చోటనే కాస్తుంది. అక్కడికి పంపే సిపాయికి ఏ దొరా ఉన్నికోటు ఇవ్వడు. ఈ కోట్లు ఏ మంచు దేశానికో పోయి వచ్చినవి, లేదా పోవాల్సి ఉండి పోనివి.

ఇదంతా అతనికి ఆలోచించి తేల్చుకోవలసినంత సంగతి కాదు. బెల్లం ముట్టుకుంటే మెత్తబడిందో లేదో తెలిసినట్టు తెలిసిపోయింది.

రాఘవమ్మ ఒక్కొక్క కోటూ తిప్పి చూస్తోంది. జేబుల్లో చేతులు పెడుతోంది. కాలర్లు వాసన చూస్తోంది. ఒక కోటు చంక కింద చిరుగును ఎవరో కుట్టారు. దారం అడ్డదిడ్డంగా, బొంతకు వేసే కుట్టులాగా ఉంది. అక్కడ ఆమె వేలు ఆగింది.

"కొండమ్మా, చూడవే. బొంత కుట్టు. వాడికి నేనే నేర్పా."

"అందరూ అట్టానే కుడతారు అత్తా."

"ఎడం పక్క నించి ఎవరు మొదలు పెడతారే? నేను పెడతా. నా కొడుకు పెడతాడు."

ఆమె కోటును గడ మీద నుంచి తీసి రెండు చేతుల మీద పరుచుకుంది, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు. తర్వాత పాండురంగం వైపు చూసింది.

"శెట్టీ, నువ్వు నాలుగూళ్ళు తిరిగిన మనిషివి. మావోడిదేనంటావా?"

జిలానీ మిషను ఆపాడు. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. వస్తూ వస్తూ దారిలో ఎలుకలు కొరికిన బేళ్ళను చూసింది.

"ఎందుకు కాకూడదమ్మా? మిలిటరీ కోట్లన్నీ ఒక్కచోట చేర్చి అమ్మారు" అన్నాడు పాండురంగం.

ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. వ్యాపారంలో అతను మాటలు అట్లాగే కట్టేవాడు. రాఘవమ్మ కొంగు ముడి విప్పితే, అందులో ఉన్నదాంతో సరిపెట్టుకున్నాడు. తక్కువకు ఇచ్చాను గదా అని ఆ పూట భోజనం దగ్గర తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

రొంపిచెర్ల రాఘవమ్మకు కొడుకు కోటు దొరికిందన్న కబురు కోటు కంటే వేగంగా తిరిగింది. గురజాల వైపు నుంచి, మాచెర్ల వైపు నుంచి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. కొడుకులు తిరిగిరానివాళ్ళు, తమ్ముళ్ళు తిరిగిరానివాళ్ళు. గంటల తరబడి కోట్లు తిప్పేవాళ్ళు. ఒకామె గుండీ చూసి గుర్తుపట్టింది. ఒకామె జేబులో పొగాకు నలుసులు చూసి గుర్తుపట్టింది. ఏ గుర్తూ దొరకనివాళ్ళు, చివరికి ఏదో ఒకటి కొనుక్కుని పోయేవాళ్ళు. పాండురంగం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే అదే వాక్యం చెప్పేవాడు. అడుగు బేళ్ళు కూడా విప్పించాల్సి వచ్చింది.

భార్య నాగేంద్రమ్మ మేడ మీది కిటికీలోంచి చూస్తుండేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"వాళ్ళు కోట్లు కొంటున్నారా, కొడుకుల్ని కొంటున్నారా?"

"నేనెవర్నీ పిలవలేదే."

"పొమ్మని కూడా అన్లేదుగా."

అతను పప్పు ఉప్పగా ఉందన్నాడు.

పుష్యంలో పిచ్చియ్య వచ్చాడు. కొండమ్మ తండ్రి, గురజాల దగ్గర కౌలు చేసుకునే మనిషి. తలపాగా తీసి అరుగు మీద పెట్టి, తీరిగ్గా కూర్చున్నాడు.

"శెట్టిగారూ, మీ పుణ్యాన నా కూతురి పీడ ఇరగడవుతోంది. వాడు చచ్చాడో బతికాడో తెలవక ఇన్నేళ్ళూ మధ్యలో ఏలాడింది. వాడి వస్తువేదన్నా కళ్ళబడందే ఒప్పుకోనని వాళ్ళత్త మొండికేసింది. ఇప్పుడు కోటొచ్చింది. కోటునే పాడె మీద పెట్టి పూడ్చేశాం. వచ్చే శుక్రారం పెద్ద దినం. ఆ రోజు గాజులు తీయిస్తాం. ఆనక నా కూతుర్ని నేను తీసుకుపోతా. నడికుడిలో రైలు పట్టాల పనికి పోయేవాడు ఒకడున్నాడు, పెళ్ళాం పోయింది. మారుమనువుకు ఒప్పుకున్నాడు."

"మంచిదేగా."

"మీరు రావాలి. శవాన్ని ఇంటికి చేర్చినోడికి మొదట కాళ్ళకు నీళ్ళియ్యాలని రాఘవమ్మ పట్టుబట్టింది."

పిచ్చియ్య వెళ్ళాక పాండురంగం లెక్క వేసుకున్నాడు. తల్లికి మనశ్శాంతి దొరికింది. తండ్రికి దారి దొరికింది. పిల్లకు ఇల్లు దొరుకుతుంది. తన సరుకు కదిలింది. నలుగురూ లాభపడ్డ బేరంలో నష్టపోయింది ఎవరు? ఎంత వెతికినా కనిపించలేదు. కానీ లెక్క కుదిరినప్పుడు వచ్చే ఊరట మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున కొట్టు తెరిచేసరికి కొండమ్మ ఒక్కతే వచ్చి మెట్టు కింద నిలబడి ఉంది. రొంపిచెర్ల నుంచి చీకటితో బయలుదేరి నడిచి వచ్చినట్టుంది, పాదాల నిండా దుమ్ము. చేతులకు ఎర్ర గాజులున్నాయి.

"శెట్టిగారూ, ఒక్క మాట అడగడానికొచ్చా. ఎవరికీ చెప్పకుండా వచ్చా."

"అడుగమ్మా."

"ఆ కోటు మా ఆయనదేనా?"

పాండురంగం తక్కెడ గొలుసు సరిచేశాడు.

"మీ అత్త గుర్తుపట్టింది గదమ్మా."

"అత్త గుర్తుపడుతుంది. గోడకు కొట్టిన మేకును చూపించినా మావోడు కొట్టిందే అంటుంది. నేను మిమ్మల్ని అడుగుతున్నా. మీరు తెచ్చారు గదా. ఏ దేశం నించి వచ్చాయో మీకు తెలుసుద్ది గదా."

అప్పుడే నలుగురు రైతులు మెట్లెక్కారు. ఒకడు కోటు ధర అడిగాడు. మరొకడు తన పెదనాన్న కొడుకు కూడా మిలిటరీలోనే పోయాడని చెబుతున్నాడు. పాండురంగం తక్కెడ వైపే చూస్తున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఈ నలుగురూ వింటారు. వీళ్ళు వింటే సాయంత్రానికి గురజాల వింటుంది. కొన్న తల్లులందరూ కోట్లు పట్టుకుని వచ్చి ఈ అరుగు మీద కూర్చుంటారు.

"నాకేం తెలుసమ్మా. సర్కారువాళ్ళు అమ్మిన సరుకు. పెద్దవాళ్ళున్నారు, వాళ్ళు చూసుకుంటారు. ఇంటికి పో."

కొండమ్మ కదలలేదు.

"తెలవదా, చెప్పరా?"

"బేరం వేళమ్మా" అన్నాడు పాండురంగం.

ఆమె ఇంకాసేపు అతని ముఖంలోకి చూసి వెళ్ళిపోయింది. జిలానీ మిషను మీద తల వంచుకుని, లేని దారం కోసం సూది బెజ్జంలో వెతుకుతున్నాడు.

శుక్రవారం పాండురంగం బండి కట్టించుకుని రొంపిచెర్ల వెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళాడు. దారి పొడుగునా ఎట్లా చెప్పాలో కూర్చుకున్నాడు. 'అమ్మా, నాకొక అనుమానం' అని మొదలుపెట్టాలి. తర్వాత వక్కల సంగతి, ఉక్క సంగతి. అనుమానం అంటే తప్పు తనదనిపించదు. ఇప్పుడే తట్టిందంటే నమ్ముతారు. చెప్పే నిజానికి కూడా పొట్లం కడుతున్నానని దారిలోనే అతనికి తెలుసు.

గుడిసె ముందు పందిరి వేశారు. బండి దిగగానే రాఘవమ్మ చెంబుతో ఎదురొచ్చి, అతను వద్దంటున్నా వినకుండా పాదాల మీద నీళ్ళు పోసింది. కొత్త నులక మంచం తెచ్చి వేసింది. చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించింది.

"ఈ అయ్యే నా కొడుకును నా ఇంటికి చేర్చాడు. కన్న తండ్రి అయినా అంత ఇదిగా తెచ్చియ్యడు."

ముసలివాళ్ళు దణ్ణం పెట్టారు. ఒకడు విసనకర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పాండురంగం గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట్లాడతాడేమోనని అందరూ మాటలు ఆపారు. అంతమంది నిశ్శబ్దంగా తన వైపు చూడటం అతనికి మునుపెన్నడూ ఎదురుకాలేదు. బజారులో అతని మాట వినేవాళ్ళు ధర కోసం వింటారు. వీళ్ళు ఊరికే వింటున్నారు.

"మంచి రోజే పెట్టుకున్నారు" అన్నాడు.

ఆ మాట విని వాళ్ళు తలూపారు. ఆడవాళ్ళు కొండమ్మను లోపలి నుంచి తెచ్చి పందిట్లో పీట మీద కూర్చోబెట్టారు. నుదుట రూపాయంత బొట్టు, తల నిండా పూలు, చేతుల నిండా గాజులు. తీసేయడానికే అంత ముస్తాబు చేశారు. ఒక ముసలామె ఆమె చేతిని రోటి అంచుకు ఆనించింది. కొండమ్మ చేయి వెనక్కి లాక్కోలేదు, ఏడవలేదు. మంచం మీద కూర్చున్న పాండురంగం వైపు చూసింది. ఇప్పటికైనా చెప్పరా అని ఆ చూపు అడుగుతోంది. గాజులు పగిలేంతవరకూ అడుగుతూనే ఉంది. అతను కాళ్ళకింద ఆరుతున్న తడి వైపు చూస్తూ కూర్చున్నాడు.

శెట్టిగారు మన ఇంట తినరు గదా అని రాఘవమ్మ అతనికి కొత్త కండువా ఇచ్చింది. అందరి ముందూ భుజాన వేసింది. అతను వేయించుకున్నాడు. తిరుగు దారిలో బండివాడు, ఎంత మర్యాద చేశారండీ అన్నాడు. పాండురంగం కండువా తీసి మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. దించి పారేయడానికి చేతులు రాలేదు. భుజాన వేసుకోవడానికీ రాలేదు.

తర్వాత కథ బజారులో తెలిసింది. కొండమ్మ నడికుడి మనువుకు ఒప్పుకోలేదు. పిచ్చియ్య కొట్టాడు, బతిమాలాడు, చివరికి తనకు కూతురు లేదనుకుంటానని వెళ్ళిపోయాడు. పెద్ద దినం అయి నెల తిరగకుండానే ఆ పిల్ల గాజులు తొడుక్కుంది. బొట్టు పెట్టుకుంది. రాఘవమ్మ గడప తొక్కనివ్వకపోతే, క్వారీ దగ్గర రాళ్ళు పేర్చి పైన తాటాకు కప్పుకుని ఉంటోంది. కర్మ అయిన మొగుడికి గాజులు తొడుక్కున్నదాన్ని ఊళ్ళో ఎవరూ పనికి పిలవడం లేదు. ఎవరికోసమో తొడుక్కుందని అనేవాళ్ళు అన్నారు.

మాఘంలో సంతరోజున ఆమె బజారులోకి వచ్చింది. తల మీద తట్ట, తట్టలో అమ్మడానికి తెచ్చిన చింతపండు. ఎవరూ బేరమాడలేదు. పాండురంగం కొట్టులో అప్పుడు మిర్చి కమిషను వ్యాపారి సుబ్బారావు, మరో ఇద్దరు వర్తకులు కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"ఆ పిల్లే గదండీ, కోటు పిల్ల" అన్నాడు సుబ్బారావు. "మొగుణ్ణి పూడ్చింది, గాజులు తొడిగింది. ఏమే, ఎవడే కొత్తోడు?" అని వీధిలోకి వినబడేట్టు అడిగాడు.

కొండమ్మ ఆగింది. తట్ట దించలేదు. సుబ్బారావు వైపు కాక పాండురంగం వైపే చూసింది.

పాండురంగం గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. లేచాక కూర్చోవడం కుదరలేదు.

"ఆమెను ఏమీ అనొద్దు. ఆ కోటు వాళ్ళాయనది కాదు."

"అంటే?"

"వాడు పోయింది సింగపూరు. అది వక్కలు కాసే దేశం. అక్కడ చలనేదే లేదు. అక్కడి సిపాయికి ఉన్నికోటు ఎవడిస్తాడు? అమ్మేటప్పుడే నాకు తెలుసు. తెలిసే అమ్మాను. గాజులు పగలగొట్టేటప్పుడు అక్కడే కూర్చుని కూడా చెప్పలేదు. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు."

చెప్పేశాడు. పొట్లం కట్టకుండా చెప్పాడు. ఉమ్మేస్తారనుకున్నాడు. ఉమ్మితే బాగుండునని కూడా అనుకున్నాడు.

సుబ్బారావు తొడ చరుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అబ్బో, వక్కల దేశమని తెలిసి కూడా ఉన్నికోటు అంటగట్టారా! అదీ బుర్రంటే. మేం చూడు, ఎండుమిర్చికి నీళ్ళు చల్లి ఏదో సంపాదిస్తున్నామనుకుంటున్నాం."

"మిగతా బేళ్ళు కూడా అట్టాగే పోయినియ్యా?" అని ఇంకో వర్తకుడు అడిగాడు.

"పోకేం, ఒక్కటన్నా మిగిలిందా చూడు" అన్నాడు సుబ్బారావు. " చానా గట్టి మనిషి శెట్టిగారు. జిలానీ, నేర్చుకోరా, ఇట్టాంటి చోట కూర్చున్నందుకన్నా నేర్చుకో."

జిలానీ నవ్వలేదు. మిషను మీది గుడ్డ తీసి మడత పెడుతున్నాడు.

వర్తకులు నవ్వుతూనే ఉన్నారు. ఒకడు పాండురంగం భుజం తట్టాడు. వాళ్ళు మెచ్చుకుంటున్నది నిజంగానేనని అతనికి అర్థమైంది. ఇదే మాట ఇంకొకడి గురించి విని ఉంటే తానూ ఇట్లాగే భుజం తట్టి ఉండేవాడు. ఆ సంగతి తట్టగానే చెవులు కాలిపోయాయి.

కొండమ్మ తట్ట దించి మెట్టు దగ్గరకు వచ్చింది. నవ్వుతున్నవాళ్ళను చూడలేదు.

"అయితే ఆయన ఉన్నట్టేనా?"

నవ్వులు సద్దుమణిగాయి. పాండురంగం నోట్లో ఎన్నో వాక్యాలు తయారుగా ఉన్నాయి. ఎందుకు ఉండకూడదమ్మా. తిరిగొచ్చినవాళ్ళు లేరా. అబద్ధం ఒక్కటీ లేని వాక్యాలే. ఏది ఇచ్చినా ఆమె తీసుకుపోయి ఎన్నాళ్ళయినా దాచుకుంటుంది.

"తెలియదమ్మా" అన్నాడు.

ఆమె ఈసారి కూడా అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇదన్నా నిజమేనా?"

అతను తల ఊపాడు. ఆమె నమ్మిందో లేదో ముఖంలో కనిపించలేదు. తట్ట ఎత్తుకోబోతుంటే, పైకి అందించడానికి పాండురంగం మెట్టు దిగాడు. ఆమె తట్టను పక్కకు జరుపుకుని, సాయం పట్టమని జిలానీని పిలిచింది.